తల్లీబిడ్డల ఫొటోలు బాగా రావాలంటే తల్లి దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇదీ. చెల్లెలు పురిటికి పుట్టింటికి వచ్చింది, బాబుకి నెలన్నర నిండింది. మీ దగ్గర క్యానన్ 1500డి కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు, విడిగా కొనుక్కున్న 50 ఎంఎం ఎఫ్/1.8 ఉన్నాయి. వంద తీస్తే ఒకటీ రెండూ తప్ప నచ్చట్లేదు. కొన్ని షేక్ అవుతున్నాయి, కొన్ని పసుపు తిరిగిపోతున్నాయి, చెల్లెలు అన్నిట్లోనూ అలసిపోయినట్టు కనిపిస్తోంది. పైగా కెమెరా తీయగానే "నన్నెందుకురా, బాబుని తియ్యి" అంటోంది.

నేను తూర్పుగోదావరి వైపు ఇరవై రెండేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. పెళ్లిళ్లతో మొదలై, పదేళ్లుగా ఎక్కువగా బారసాలలు, అన్నప్రాసనలు, ఇళ్లకి వెళ్లి బాలింతల్నీ పసిబిడ్డల్నీ తీయడమే నా పని. సెట్టింగులన్నీ చెప్తాను. కానీ మీ ప్రశ్నలో నన్ను పట్టుకున్నది ఆ ఆఖరి మాట. చెల్లెలు అలా అంటోంది కాబట్టి మీరు బాబు ఒక్కణ్ణే తీస్తున్నారనుకుంటాను. అక్కడే మారాలి.

ఈ పనిలోకి దిగిన కొత్తలో ఒక ఇంట్లో ఇరవై ఒకటో రోజు ఫంక్షన్ తీశాను. కొత్త లెన్సు, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ తెరుచుకున్నట్టు) పూర్తిగా తెరిచి తీసేవాణ్ణి. బాబు కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. ఆల్బమ్ ఇచ్చిన రోజు ఆ అమ్మాయి మొదటి పేజీ నుంచి చివరిదాకా నిదానంగా తిప్పి, మూసి, "బాబు చాలా బాగా వచ్చాడన్నా. ఇందులో నేనెక్కడున్నాను?" అంది. నేనూ తిప్పి చూశాను. ఆమె చేతులున్నాయి, కొంగుంది, ఒకచోట గడ్డం ఉంది. ముఖం ఉన్న రెండు ఫొటోల్లో అది ఫోకస్ ఔట్ అయి మసకగా ఉంది. తొమ్మిది నెలలు మోసిన మనిషి ఆ ఆల్బమ్‌లో బిడ్డ పడుకునే దిండులా ఉంది. ఆ మాట నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్లినా మొదటి పది నిమిషాలు తల్లికే.

ఇది ఇప్పటి సంగతి మాత్రమే కాదు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్, అమెరికా స్టూడియోల్లో ఒక్క ఫొటో పడటానికి సెకన్ల కొద్దీ సమయం పట్టేది. పసివాళ్లు అంతసేపు కదలకుండా ఉండరు కదా, అందుకని తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె మీద దుప్పటో తెరో కప్పేసి, ఒడిలో బిడ్డని పెట్టి తీసేవారు. అలాంటి పాత ఫొటోలు ఇప్పటికీ చాలా దొరుకుతాయి. గుడ్డ కింద మనిషి ఆకారం తెలుస్తూనే ఉంటుంది. ఇప్పుడు 1/250 సెకనులో ఫొటో పడుతోంది. మీ చెల్లెల్ని గుడ్డ కింద దాచాల్సిన అవసరం లేదు.

సరే, ఎప్పుడు తీయాలో చూద్దాం. మన ఇళ్లలో పసిబిడ్డ దినచర్య గడియారంలా ఉంటుంది. నూనె, సున్నిపిండి, అమ్మమ్మ కాళ్ల మీద వేడినీళ్ల స్నానం, సాంబ్రాణి, పాలు, ఆపైన గాఢనిద్ర. నిద్రపోతున్న ఫొటో కావాలంటే ఆ నిద్ర పట్టిన ఇరవై నిమిషాల తర్వాత మొదలుపెట్టండి. చెయ్యి కొంచెం ఎత్తి వదిలితే వాలిపోయిందా, నిద్ర గట్టిగా పట్టినట్టే. మెలకువగా కావాలంటే ఆ నిద్ర లేచి, పాలు తాగి, తేన్పు వచ్చాక తీయాలి. అప్పుడు అరగంట దొరుకుతుంది, అంతకంటే ఎక్కువ ఆశించకండి. పిడికిలి నోట్లోకి వెళ్తోందంటే ఆకలి, తల అటూ ఇటూ తిప్పుకుంటున్నాడంటే విసుగు. ఆపేయండి. బిడ్డ ఏడ్చాక ఎంత లైటున్నా లాభం లేదు, ఎందుకంటే ఆ ఏడుపుకి తల్లి ముఖంలో ఆందోళన దిగుతుంది, అది ఒక గంటదాకా పోదు.

స్నానం దగ్గర కూడా కెమెరా పట్టుకుని ఉండండి. అమ్మమ్మ పీట మీద కాళ్లు చాపుకుని కూర్చోవడం, కాళ్ల మీద బోర్లా పడుకున్న బిడ్డ వీపు మీద ఆవిడ అరచెయ్యి, చెంబు పట్టుకుని పక్కనే వంగిన మీ చెల్లెలు. మూడు తరాలు ఒక్క ఫ్రేములో మళ్లీ ఎప్పుడు దొరుకుతాయి? బట్టల్లేని బిడ్డ కాబట్టి ఆ ఫొటోలు ఇంట్లోనే ఉంచుకోండి. సాంబ్రాణి పొగలో వెలుతురు అందంగా పడుతుందని కొందరు పొగ ఎక్కువ వేయమంటారు. ఆ పని చేయకండి. పసి ఊపిరితిత్తులకి పొగ మంచిది కాదు.

నెలన్నర వయసుకి ఒక ప్రత్యేకత ఉంది. ఇంటర్నెట్లో చూసే ముడుచుకుని పడుకున్న భంగిమలు మొదటి రెండు వారాల బిడ్డలవి. ఆ తర్వాత కాళ్లూ చేతులూ చాపుకోవడం మొదలవుతుంది, ముడవబోతే లేచి ఏడుస్తారు. ఆ రోజులు దాటిపోయాయని బాధపడకండి. సరిగ్గా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్యే మనిషి ముఖం చూసి నవ్వే మొదటి నవ్వు వస్తుంది. నిద్రలో వచ్చే నవ్వు వేరు, ఇది వేరు. ఇది ఎదుటి ముఖానికి జవాబు. ఆ వయసులో బిడ్డకి ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే బాగా కనిపిస్తాయి. అంటే మన లెక్కలో జానెడు దూరం. పాలిచ్చేటప్పుడు తల్లి ముఖానికీ బిడ్డ ముఖానికీ మధ్య ఉండేది అంతే. కాబట్టి మీరు వెనకాల నిలబడి చిటికెలు వేసి, గిలక్కాయ ఊపి లాభం లేదు. చెల్లెలి ముఖం జానెడు దూరానికి రానివ్వండి, మెల్లగా మాట్లాడమనండి. ఆ నవ్వు ఆమెకే వస్తుంది, మీరు పక్కనుంచి పట్టుకుంటారు.

ఇక వెలుతురు. ఇంట్లో పెద్ద కిటికీ ఏదో చూడండి. ఉత్తరం వైపుదైతే రోజంతా పనికొస్తుంది. తూర్పుదైతే ఎండ గదిలోంచి తప్పుకున్నాక, పడమరదైతే ఉదయం పూట. ఎండ నేరుగా పడుతుంటే మీ నాన్నగారి ఉతికిన తెల్ల పంచె ఒకటి కిటికీకి అడ్డంగా కట్టండి. వెలుతురుని మెత్తబరిచే సాఫ్ట్ బాక్సు ఎన్ని వేల రూపాయలదైనా ఇచ్చే వెలుతురు ఇదే, నేనిప్పటికీ బ్యాగులో ఒక పంచె పెట్టుకుని తిరుగుతాను. కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో చెల్లెల్ని కూర్చోబెట్టండి. రెండో వైపు నీడ మరీ నల్లగా ఉంటే ఒక థర్మోకోల్ షీటు నిలబెట్టండి.

ఫొటోలు పసుపు తిరగడానికి మీ కెమెరా కారణం కాదు. కిటికీ వెలుతురు నీలానికి దగ్గర, గదిలో బల్బు పసుపుకి దగ్గర, రెండూ కలిసి ఒకే ముఖం మీద పడితే ఏ వైట్ బ్యాలెన్సూ (కెమెరాలో రంగు సరిచేసే సెట్టింగు) రెండిటికీ న్యాయం చేయలేదు. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. ఇంట్లోవాళ్లు "చీకటిగా ఉంది, లైటెయ్యండి" అని రెండు నిమిషాలకోసారి స్విచ్ దగ్గరికి వెళ్తారు, ముందే చెప్పి ఉంచండి. వైట్ బ్యాలెన్సు ఆ తెల్ల పంచె మీద పెట్టుకోండి, బిడ్డ చర్మం మీద కాదు. గోడల రంగు కూడా చూసుకోండి. మన ఇళ్లలో లేత ఆకుపచ్చ, గులాబి గోడలు ఎక్కువ. గోడకి ఆనుకుని కూర్చుంటే ఆ రంగు చెంప మీదికి వస్తుంది. ఎర్రచీర కట్టుకున్న తల్లి ఒడిలో బిడ్డ గడ్డం కింద ఎర్రగా కనిపిస్తే అది దద్దురు కాదు, చీర రంగు.

ఇప్పుడు చెప్పేది చాలామంది పట్టించుకోనిది. బిడ్డ ముఖం మీద వెలుతురు నుదుటి నుంచి గడ్డం వైపు జారాలి. పాదాల వైపు నుంచి వస్తే గడ్డం, ముక్కుపుటాలు వెలిగిపోయి, కళ్లు గుంటల్లా పడతాయి. ఎంత ముద్దొచ్చే బిడ్డ అయినా వింతగా కనిపిస్తాడు. దీనికి సులువైన గుర్తు చెప్తాను. బిడ్డ తల చెల్లెలి ఎడమ మోచేతి మీద ఉంటే కిటికీ ఆమెకి ఎడమ పక్కన, కాస్త ముందుకి ఉండాలి. అప్పుడు వెలుతురు బిడ్డ తల మీదుగా దిగుతుంది. చెల్లెలు బిడ్డని చూడటానికి ముఖం ఎడమకి వంచగానే ఆమె ముఖమూ కిటికీ వైపే తిరుగుతుంది. కళ్ల కింద నలుపు, నిద్రలేని వాపు సగం అక్కడే పోతాయి. మీ ఫొటోల్లో ఆమె అలసటగా కనిపించడానికి నిజమైన అలసట కొంత కారణమైతే, నెత్తి మీద వెలిగే ట్యూబ్‌లైటు మిగతా కారణం. పైనుంచి పడే లైటు ఎవరి కళ్ల కిందైనా గుంటలు తవ్వుతుంది.

కెమెరా సంగతికి వస్తే, కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు పక్కన పెట్టండి. 55 దగ్గర అది ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు, మన గదుల వెలుతురుకి చాలదు. 50 ఎంఎం తగిలించండి. మీ కెమెరా సెన్సరు చిన్నది కాబట్టి అది 80 ఎంఎం లెన్సులా చూస్తుంది, ముఖాలకి చాలా బాగుంటుంది. మాన్యువల్‌లో పెట్టి షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గించకండి. నెలన్నర బిడ్డ చేతులు ఊరికే విసురుతాడు, 1/60 లో అవి మసకబారతాయి. మీ షేక్ ఫొటోల్లో సగం మీ చెయ్యి కదిలినవి కావు, బిడ్డ కదిలినవి. ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె) 800, 1600, అవసరమైతే 3200 దాకా వెళ్లండి. కాస్త గరుకుగా చుక్కలు (గ్రెయిన్) కనిపించినా ఫొటో ఉంటుంది, షేక్ అయితే ఏమీ ఉండదు.

అపెర్చర్ విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. మీ కెమెరాలో 50 ఎంఎం తో మీటరు దూరం నుంచి ఎఫ్/1.8 లో తీస్తే స్పష్టంగా వచ్చే మందం మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. బిడ్డ కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు, తల్లి ముఖం సంగతి చెప్పనక్కర్లేదు. అదే ఒకటిన్నర మీటర్ల దూరం జరిగి ఎఫ్/4 పెడితే పదమూడు సెంటీమీటర్ల దాకా వస్తుంది, అందులో రెండు ముఖాలూ పడతాయి. దాంతోపాటు కెమెరా నుంచి తల్లి కంటికీ, బిడ్డ కంటికీ దూరం ఒకటే ఉండేలా చూసుకోండి. నేను నేర్చుకునే రోజుల్లో కెమెరాకి దారం కట్టి, ఇద్దరి ముఖాల దాకా పట్టుకెళ్లి కొలిచేవాణ్ణి. ఇప్పుడు కంటికి అలవాటైంది. మీరూ వారం రోజులు దారంతో కొలవండి. బిడ్డని భుజం మీద వేసుకుని తల్లి చెంప బిడ్డ తలకి ఆనించినప్పుడు రెండు ముఖాలూ దాదాపు ఒకే గీత మీదికి వస్తాయి. మొదట అదే తీయండి.

ఫోకస్‌కి వెనక స్క్రీను వాడకండి, మీ మోడల్‌లో అలా పెడితే నిదానంగా వెతుక్కుంటుంది. వ్యూఫైండర్‌లోనే చూసి, ఉన్న తొమ్మిది పాయింట్లలో నడిమిది ఒక్కటే పెట్టుకోండి, మిగతావాటికంటే అదే గట్టిగా పట్టుకుంటుంది. కంటి మీద ఫోకస్ చేసి, బటన్ సగం నొక్కి ఉంచి, ఫ్రేము సర్దుకుని తీయండి. ఇంకొకటి, తెల్ల దుప్పటి, తెల్ల గుడ్డలు ఫ్రేమంతా ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి ముఖాలు నల్లగా వస్తాయి. ఆ మీటరు సూది సున్నా దగ్గర ఆపకుండా కుడివైపు ఒకటి దగ్గరికి జరపండి.

ఫ్లాష్ నేరుగా వద్దు. పసివాళ్లు ఉలిక్కిపడి రెండు చేతులూ చాచేస్తారు, చూసే తల్లి కూడా ఉలిక్కిపడుతుంది. రాత్రి తప్పనిసరైతే విడి ఫ్లాష్ తెచ్చి తెల్ల సీలింగు వైపు తిప్పి కొట్టండి.

ఇంత చెప్పాక అసలు మనిషి దగ్గరికి వద్దాం. నేను వెళ్లగానే కెమెరా బయటికి తీయను. "నిద్ర పడుతోందా అమ్మా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు?" అని అడుగుతాను. చాలామంది ఇళ్లకి వచ్చి బిడ్డనే అడుగుతారు, బరువెంత, ఎవరి పోలిక అని. బాలింతని అడిగేవాళ్లు తక్కువ. మీరు అన్న కాబట్టి మీకింకా సులువు. ఆపరేషన్ అయి ఉంటే నేల మీద కూర్చోమని, వంగమని, బోర్లా పడుకోమని అస్సలు అడగకండి. చేతులున్న కుర్చీ వేయండి, వీపుకి ఒక దిండు, బిడ్డని పట్టుకున్న మోచేతి కింద ఇంకో దిండు. పక్కన మంచినీళ్లు పెట్టండి, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. భుజాలు కిందికి దిగాయంటే ఆమె సర్దుకున్నట్టు. అంతవరకూ ఏ ఫొటో తీసినా బిగుసుకునే వస్తుంది.

బట్టలు మామూలు కాటన్. పట్టుచీర జరీ అంచు బిడ్డ చెంపకి గీసుకుంటుంది, ఎర్రటి గీతలు నేను చాలాసార్లు చూశాను. పెద్ద పూలు, చమ్కీలు వద్దు. పై చెయ్యి ఒంటికి అదుముకుంటే ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. మోచేతిని నాలుగు వేళ్లు దూరం జరపమనండి. కెమెరా ఆమె కంటికి కాస్త పైన ఉంటే గడ్డం తేటగా వస్తుంది. ఒళ్లు తగ్గాక తీయించుకుంటాననే తల్లులు చాలామంది ఉన్నారు. తగ్గేసరికి బిడ్డ నడుస్తుంటాడు. మీ చెల్లెలితో ఈ మాట చెప్పండి, నవ్వుతూనే చెప్పండి.

ఒకసారి ఒక ఇంట్లో అమ్మాయి చెవుల్లో దూది, తల చుట్టూ గుడ్డ. బాలింతకి చలిగాలి తగలకూడదని నాయనమ్మ కట్టింది. "ఇది తీసేస్తానన్నా, బాగోదు" అని ముడి మీద చెయ్యి వేసింది. నేను ముందు అలాగే తీస్తానన్నాను. బిడ్డ కళ్లు తెరిచి ఆ గుడ్డ చివర పట్టుకుని లాగుతున్నాడు, ఆమె ఆ వేళ్లు విడిపిస్తూ కిందికి చూస్తోంది. తర్వాత పెద్దావిడని అడిగి, గుడ్డ తీసి కూడా తీశాం. వాళ్ల హాల్లో గోడకి ఉన్నది మొదటిది.

"నవ్వు" అనకండి. నవ్వమంటే పెదాలు నవ్వుతాయి, కళ్లు మిమ్మల్నే చూస్తుంటాయి. బాబుని తన ముద్దుపేరుతో పిలవమనండి. చెవులు ఎవరివొచ్చాయో చూసి చెప్పమనండి. చిన్నప్పుడు అమ్మ పాడిన జోలపాట వచ్చా అని అడగండి, వస్తే పాడమనండి. తల్లి గొంతు వినగానే బిడ్డ కదలిక నెమ్మదిస్తుంది, పాడేటప్పుడు ఆమె ముఖంలో బిగువు పోతుంది. ముద్దు ఫొటో కావాలంటే పెట్టేటప్పుడు కాదు, పెట్టబోయేటప్పుడు తీయాలి. పెదాలు ఆనితే నలిగిపోతాయి, వెంట్రుకవాసి దూరంలో ఆగితే అందం. కిందికి చూసేటప్పుడు రెప్పలు వాలి నిద్రపోతున్నట్టు వస్తుంది కదా, అప్పుడు బిడ్డని కొంచెం పైకి ఎత్తుకోమనండి, లేదా మీరు కొంచెం కిందికి దిగండి.

చేతులు చూడటం మర్చిపోకండి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కోత కూలీల మకాంలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ తీసిన తల్లి ఫొటో మీరు చూసే ఉంటారు. ఒడిలో చంటిపిల్ల, రెండు వైపులా ఇద్దరు పిల్లలు ముఖాలు అటు తిప్పుకుని ఆమె భుజాల మీద వాలి ఉంటారు. ఆ ఇద్దరి ముఖాలూ కనిపించవు, అయినా అంత గట్టిగా తల్లీపిల్లల ఫొటో ఇంకొకటి చెప్పడం కష్టం. ఆమె చెంప దగ్గరికి వెళ్లిన చెయ్యి మొత్తం చెప్పేస్తుంది. బిడ్డ ముఖం ప్రతిసారీ కెమెరాకి కనిపించాలని పట్టుబట్టకండి. చెల్లెలి భుజం మీద వెనక్కి తిరిగి పడుకున్న చిన్న తల, దాని మీద ఆమె అరచెయ్యి, ఆమె కళ్లు చాలు. అరచెయ్యి పట్టు బిగించినట్టు కాకుండా వేళ్లు దగ్గరగా, పక్కనుంచి కనిపించేలా ఉండనివ్వండి.

పాలిచ్చేటప్పటి ఫొటోలు ఆమె అడిగితేనే. నేను ఇళ్లకి మా ఆవిడతో కలిసి వెళ్తాను, అవి ఆవిడే తీస్తుంది. ఆడవాళ్ల మొహమాటం ఫొటోగ్రఫీకి కొత్త కాదు. 1892లోనే ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో ప్రత్యేకంగా పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకి అప్పగించాడు. మీ ఇంట్లో వదినో అక్కో ఉంటే కెమెరా సెట్ చేసి వాళ్ల చేతికివ్వండి.

ఇంకో మాట, జాగ్రత్తగా చెప్తున్నాను. కెమెరా ముందు కూర్చోగానే కన్నీళ్లు పెట్టుకున్న తల్లుల్ని చూశాను. కాన్పు తర్వాత మొదటి రోజుల్లో ఏడుపు రావడం మామూలే. కానీ రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ మీద ధ్యాస లేకపోతే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మీ చెల్లెలికి కాన్పై నెలన్నర. "నన్ను తీయకు" అనడం ఊరికే మొహమాటమా, ఇంకేదైనా ఉందా, ఒకసారి కెమెరా లేకుండా పక్కన కూర్చుని మాట్లాడండి.

బిడ్డ విషయంలో ఒక్క నియమం: పక్కన ఒక మనిషి చెయ్యి ఎప్పుడూ అందేంత దూరంలో ఉండాలి. మెడ నిలవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. చేతుల మీద గడ్డం ఆనించి తల ఎత్తుకున్నట్టు కనిపించే ఫొటోలు ఒకే ఫొటో కాదు. ఒకరు తల పట్టుకుని ఒకటి, చేతులు పట్టుకుని ఒకటి తీసి, తర్వాత కలుపుతారు. అది చూసి ఇంట్లో ప్రయత్నించకండి. గుడ్డలో మూటకట్టి వేలాడదీయడం, బుట్టని మంచం అంచున పెట్టడం వద్దే వద్దు. పైనుంచి వంగి తీసేటప్పుడు కెమెరా బెల్టు మెడలో ఉండి తీరాలి. ఉంగరాలు తీసి, చేతులు కడుక్కోండి. జలుబుంటే ఆ వారం మానేయండి. ఫ్యాను గాలి నేరుగా బిడ్డ మీద పడకూడదు.

ఇంట్లో పెద్దవాళ్ల మాట కాదని తీయకండి. నిద్రపోతున్న బిడ్డని తీయకూడదనే ఇళ్లున్నాయి, దిష్టి అని బయటివాళ్లకి చూపించని ఇళ్లున్నాయి. వాళ్ల భయం బిడ్డ మీద ప్రేమలోంచి వచ్చిందే. దిష్టిచుక్క చెంప మీదో అరికాలి మీదో ఉండనివ్వండి, ఎడిటింగులో చెరపకండి. కంట్లో కాటుక మాత్రం ఫొటో కోసమని పెట్టించకండి, పిల్లల డాక్టర్లు వద్దంటారు.

ఎడిటింగు తక్కువ చేయండి. బిడ్డ చర్మం మీద పొట్టు, ముక్కు మీద తెల్ల చుక్కలు కొద్ది వారాల్లో పోయేవే. బిడ్డ గోళ్లతో గీరుకున్న గాట్లు, ఎండిన పాలచుక్క నేను తీసేస్తాను, పుట్టుమచ్చ తీయను. రంగు తెలుపు చేయమని అడిగేవాళ్లు ఉంటారు. నేను చేయను. ఆ ముఖం ఆ రంగుతోనే ఆ తల్లికి పుట్టింది, ఇరవై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ తన ఫొటో చూసి ఇది నేనేనా అనుకోకూడదు. ఒకవేళ కిటికీ వెలుతురులో కూడా బిడ్డ ఒళ్లు, కంటి తెల్లగుడ్డు పసుపుగా కనిపిస్తే దాన్ని కంప్యూటర్లో సరిచేసి ఊరుకోకండి. పుట్టిన రెండు వారాలు దాటాక కూడా అలా ఉంటే కామెర్లు ఉన్నాయేమో డాక్టరుకి చూపించాల్సిందే. మీ ఫొటోలు పసుపుగా ఉన్నాయన్నారు కాబట్టి ఇది మొదట సరిచూసుకోండి. లైట్లన్నీ ఆర్పి పగటి వెలుతురులో చూడండి.

ఫోనుతో తీసేటప్పుడు ముందు లెన్సు తుడవండి, నూనె చేతులతో పట్టుకున్న ఫోన్లే అన్నీ. దగ్గరికి వెళ్లి మామూలు లెన్సుతో తీస్తే ముక్కు పెద్దదవుతుంది. రెండు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడండి. వెనకాలంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ బిడ్డ నెత్తి మీది సన్నటి జుట్టుని, వేళ్ల చివరల్ని కోసేస్తుంది. అది ఆపేసి, వెనకాల గోడ దూరంగా ఉండేలా కూర్చోబెట్టండి.

ఎక్కడ పెట్టాలన్నా చెల్లెల్ని, బావగార్ని అడిగాకే. లాంగ్ తీసిన ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది కానీ, అందులో ఉన్న ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ పేరు 1978 దాకా బయటికి రాలేదు. ఆ ఫొటో వల్ల తనకి ఒక్క పైసా రాలేదని ఆవిడ బాధపడింది. ఇంటి ఫొటో అయినా ఆ ముఖం చెల్లెలిది, మనది కాదు.

రేపు పొద్దున బాబుకి స్నానం చేయించే వేళకి ముందే ఒక పని చేయండి. చిన్న దిండుకి తువ్వాలు చుట్టి, పైన ఒక కొబ్బరికాయ పెట్టి కట్టండి. అది చెల్లెలి ఎడమ మోచేతి మీద పెట్టి, పంచె కట్టిన కిటికీ పక్కన కూర్చోబెట్టి, లైట్లార్పి, దారంతో దూరం కొలిచి, 1/250, ఎఫ్/4 లో ఇరవై తీయండి. ఆమె నవ్వుతుంది, ఆ నవ్వూ తీయండి, అందులో బాబు లేకపోయినా సరే. తర్వాత బాబు లేచి పాలు తాగాక దిండు స్థానంలో బాబు వస్తాడు, మిగతావేవీ కదపక్కర్లేదు. వాటిలో మూడు ఫొటోలు ఎడిట్ చేయకుండా ఇక్కడ పెట్టండి, చెల్లెలు సరేనంటేనే. కిటికీ ఏ దిక్కున ఉందో, ఏ టైముకి తీశారో కూడా రాయండి. ఏది ఎంత జరపాలో చెప్తాను.